మంగాయమ్మ సాక సీసా

ఇప్పసారా వాసన తగిలితే చాలు, మంగాయమ్మకు కడుపులో తిప్పుతుంది. అయినా పద్దెనిమిదేళ్లుగా ఆ సారా సీసా ఆమె ఇంట్లోనే, అదీ అమ్మవారి పటం పక్కనే ఉంది. విజయనగరం వైపు నుంచి బిలాస్‌పూరుకు కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు అప్పజెప్పిన ఆచారం అది. మొగుడు ఎర్రయ్య రైలు ఇంజను డ్యూటీకి బయల్దేరే ముందు గుమ్మంలో అమ్మవారికి నాలుగు చుక్కలు సాక పోసి, మరో నాలుగు అతని తలపాగా మీద చిలకరించాలి. ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని ఆ పని కానిచ్చేది. సీసా అయిపోతే ఎర్రయ్యే నింపి తెచ్చేవాడు. బండి నడిపేవాడి పెళ్లానికి ఉన్న ధైర్యమంతా ఆ సీసాలోనే ఉంది మరి.

అలాంటిది, 1936 వేసవిలో ఒక మధ్యాహ్నం ఎర్రయ్య గూడ్సుబండి ఎర్ర సిగ్నలు దాటిపోయి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, డ్రైవరు దగ్గర సారా కంపు కొడుతోందని గార్డు రాసి పంపాడు. తాగి బండి నడిపాడని కేసు పెట్టారు. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, దాంతోపాటే క్వార్టరూ పోతుంది. మంగాయమ్మ నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

పక్క క్వార్టరులో ఉండే గుమాస్తా ఆదినారాయణ కేసు కాగితం చదివి ధైర్యం చెప్పాడు.

“వాసనొక్కటే రుజువు గాదమ్మా. తాగతుండగా ఎవులూ సూడనేదు. ఆ వాసన ఇంకో దారిన వచ్చిందని సూపిత్తే కేసు నిలబడదు.”

“అచ్ఛా! ఏటి బాబూ, అయితే ఆ వాసన నా వల్లే! నానే గదా పాగా మీద జల్లినాను!”

ఎర్రయ్య గబుక్కున లేచాడు. “ఒద్దే. ఆడకూతురివి, ఆపీసుకేటి ఎల్తావు? నా తిప్పలు నాను పడతాను.”

మగాడి పౌరుషం కదా అనుకుని ఆమె మొగుడి మాట పెడచెవిన పెట్టింది.

విచారణ రోజున సీసా చెంగులో చుట్టుకుని వెళ్లి, కేసు విచారించే రైల్వే దొర ముందు నిలబడింది. జరిగినదంతా చెప్పింది. ఆదినారాయణ ఆ మాటలను ఇంగ్లీషులో చెబుతుంటే దొర మొహం మెత్తబడడం చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“కావాలంటే సూడండి బాబూ, ఇదే ఆ సీసా. ఆ పొద్దున్న గూడా ఇందులోదే జల్లినాను.”

దొర బిరడా తీసి వాసన చూశాడు. మళ్లీ చూశాడు. చేతిలో నాలుగు చుక్కలు వేసుకుని నాలుక్కి తాకించి, సీసాను ఆదినారాయణకు అందించాడు. వాసన చూసిన ఆదినారాయణ తల వంచుకున్నాడు.

మంగాయమ్మ సీసా లాక్కుంది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి చెంగు అడ్డం లేకుండా వాసన చూసింది. ఏ వాసనా లేదు. అవి వట్టి నూతి నీళ్లు.

మొగుడి వైపు తిరిగింది. ఎర్రయ్య నేల చూపులు చూస్తున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“కార్తీకం కాడ్నుంచి,” అన్నాడు గొణుగుతూ.

దొర కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. మొగుణ్ణి కాపాడుకుందామని తెచ్చిన సాక్ష్యమే మొగుణ్ణి ముంచిందని ఆమెకు తెలుస్తూనే ఉంది. కానీ ఆ క్షణాన ఉద్యోగమూ, క్వార్టరూ ఆమెకు గుర్తు లేవు. తలమీద నీళ్లు, కడుపులో సారాతో వెళ్లిన మనిషిని, ఏడు నెలలపాటు, అమ్మవారు చూసుకుంటుందిలే అని ఆమె నిశ్చింతగా సాగనంపింది.