దూది కాలికి చుట్టుకున్న మెరూన్ దారం

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలో మా అద్దింటి మేడ మీద, రెండు కోడిపిల్లలకు స్కూల్ యూనిఫాం గుడ్డలతో పరుపు వేసిన ఘనత నాది.

మామూలు కోడిపిల్లలు కావు... సిల్కీలు. వాటి ఈకలు ఏకిన పత్తిలా ఉంటాయి. కాళ్ళ నిండా కూడా బొచ్చే. వేళ్ళు అన్ని కోళ్ళలా నాలుగు కాదు, అయిదు! పంజాగుట్టలో రకరకాల పక్షులు పెంచే ఒక పెద్దాయన మా నాన్న దగ్గర బట్టలు కుట్టించుకునేవారు. నా ముచ్చట చూసి ఒకరోజు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చి వెళ్ళారు.

మా నాన్న దర్జీ. నేత పని వదిలి, కుట్టుమిషన్‌ను నమ్ముకుని పట్నం వచ్చినవాడు. పెట్టె మూత తీసి, "సిల్కు బట్టలు మస్తు కుట్టిన గానీ, సిల్కు కోడిని గిప్పుడే చూస్తున్న" అని ఒకటే నవ్వు. తెల్లగా ఉన్నదానికి 'దూది' అని, కాస్త గోధుమ రంగుదానికి 'బెల్లం' అని నేను పేర్లు పెట్టాను.

అమ్మ దూదిని నిమురుతూ బొచ్చు పక్కకు తీసి చూసింది. కింద చర్మమంతా నలుపు! "అయ్యో, ఒళ్ళంతా కమిలిపోయింది గదనే!" అని పసుపు తెచ్చి రెండింటికీ పట్టించేసింది. కింది వాటాలో ఉండే ఓనర్ ఆంటీ సత్యవతి గారు వచ్చి చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడది భీమవరం వైపు. పుట్టింట్లో అన్ని రకాల కోళ్ళూ పెంచారట.

"ఏంటండీ ఇది, పెళ్ళికూతుళ్ళని చేశారా? వీటి చర్మమే నలుపు. జబ్బూ లేదు, గిబ్బూ లేదు" అన్నారు.

ఆ రోజు నుంచి ఆంటీయే మా కోళ్ళ డాక్టరు. పెట్టెలో ఒక మూలకి బల్బు వెలిగించి వెచ్చగా ఉంచమన్నారు. సిల్కీలు తడిస్తే తొందరగా ఆరవు, చలిపట్టి చచ్చిపోతాయని హెచ్చరించారు. నీళ్ళ మూతలో గోళీలు వేయించారు, పిల్లలు పడి మునగకుండా. బెల్లానికి రెట్ట అంటుకుని వెనక దారి మూసుకుపోతే, గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి మెల్లగా నానబెట్టి తీసి, పూర్తిగా ఆరబెట్టి, కాస్త కొబ్బరినూనె రాశారు. "లాగావంటే తోలు ఊడొస్తుంది, జాగ్రత్త" అని నాకూ నేర్పారు. ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంది.

కింద పరచడానికి రంపపు పొట్టు వేయమన్నారు. అక్కడే నా తెలివి పనిచేసింది... పొట్టు గరుకు కదా, పాపం పిల్లలకు గుచ్చుకోదూ! బడులు తెరిచే రోజులు. నాన్న మిషన్ కింద మెరూన్ రంగు యూనిఫాం ముక్కలు గుట్టగా పడి ఉండేవి. ఎవరికీ చెప్పకుండా ఒళ్ళో నింపుకుని వెళ్ళి, పొట్టు మీద పరిచాను. దూది అందులో దూరి హాయిగా పడుకుంది. నాకు ఎంత గర్వమో!

నాలుగు రోజులకు దూది కుంటడం మొదలుపెట్టింది. తర్వాత కాలు కింద పెట్టడమే మానేసింది. మేత ముట్టలేదు. అమ్మ మళ్ళీ పసుపు రాసింది. ఆంటీ కాలు పట్టుకుని చూసి, "వాచింది... కమిలిందో లేదో ఈ నలుపులో తెలిసి చావట్లేదు. రేపటికి తగ్గకపోతే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళండి" అన్నారు. నేను అన్నం తినలేదు. ఈ పిల్ల చచ్చిపోతుందని ఒకటే భయం.

మధ్యాహ్నం నాన్న అన్నానికి వచ్చి, నా మొహం చూసి, చెయ్యి కడుక్కోకుండానే మేడెక్కాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, దూదిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, కాలి బొచ్చును సన్నగా పాయలు తీశాడు. అయిదో వేలి మొదట్లో... తోలులోకి దిగిపోయిన దారం. మెరూన్ దారం.

సూది మొనతో దాన్ని పైకి లేపి, చిన్న కత్తెరతో తుంచేశాడు. దూది ఒక్కసారి కీచుమంది.

"ఈ దారం ఎక్కడిదండీ?" అన్నారు వెనకే మేడెక్కి వచ్చిన ఆంటీ.

పెట్టెలో పిల్లలు కెలికిన పొట్టు కింద నుంచి ఒక మెరూన్ ముక్క తొంగి చూస్తోంది. నాన్న దాన్ని చూశాడు. నన్ను మాత్రం చూడలేదు.

"నా బట్టలకు అంటుకొని వచ్చుంటది మేడం. జర చూస్కోవాల్సింది... తప్పు నాదే" అన్నాడు.

ఆయన వేసుకున్నది తెల్లచొక్కా. దాని మీద ఒక్క దారం కూడా లేదు.

సాయంత్రానికి పెట్టెలో గుడ్డలు మాయం, కొత్త పొట్టు వచ్చింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు... అప్పుడూ, ఆ తర్వాతా. పుండుకు ఆంటీ రోజూ మందు రాశారు. వేలు ఎండి రాలిపోయింది గానీ కాలు నిలిచింది, దూది బతికింది. కుంటుతూనే పెద్దదై, గుడ్లు పొదిగి పిల్లల్ని కూడా లేపింది.

ఆ ఇల్లు ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టల్. ఆంటీ లేరు. మధురానగర్‌లో మా ఫ్లాట్‌లో నాన్న అప్పుడప్పుడు మనవడి ప్యాంట్లు పొట్టి చేస్తుంటాడు. పని అయ్యాక నేలంతా అరచేత్తో తడిమి, దారం ముక్కలు ఏరి ఉండచుట్టి మరీ లేస్తాడు. ఊడ్చేస్తాను లే నాన్నా అంటే వినడు.

నిన్న ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. గుడ్డలు వేసింది నేనేనని ఇన్నేళ్ళకు నోరు విప్పి చెప్పాను.

"ఎర్కనే బిడ్డా... మెత్తగుండాలనే కదా ఏసినవ్" అని, మళ్ళీ దారాలు ఏరుకోవడంలో పడ్డాడు.

మీ తప్పును చప్పుడు లేకుండా తమ మీద వేసుకున్నవాళ్ళు మీకూ ఉండే ఉంటారు... ఎవరో ఇక్కడ చెప్పండి. కానీ ముందు వాళ్ళకు చెప్పి రండి.