ఉప్పునేల కింద గుంత

ఖతర్ రాకముందు రెండు వేసవులు హిమాలయాల్లో ఒక హిమానీనదం మీద పనిచేశాను. అక్కడ పైకి మంచు చదునుగానే ఉంటుంది, కింద నిలువునా పగులు ఉంటుంది. అడుగు పడితే మనిషి లోపలికి పోతాడు. బృందానికి ముందు రాడార్ లాక్కుంటూ నడిచి, ఆ పగుళ్లు ఎక్కడున్నాయో చెప్పడం నా పని. మంచులో రాడార్ చాలా లోతుకు చూస్తుంది. నా మాట ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ ధీమాతోనే ఇక్కడికి వచ్చాను.

ఇక్కడ రోడ్డు వేసేముందు సున్నపురాయి కింద ఎక్కడైనా బోలుగా ఉందేమో వెతకాలి. నాతో పాటు రాడార్ బండి తోసే ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన సారూ అనేవాడు. టీ తాగేటప్పుడు మంచు పగుళ్ల సంగతి మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు. మా సారు భూమి లోపల ఏమున్నదో చెప్తడని వాళ్లావిడతో ఫోన్‌లో గొప్పగా చెప్పుకోవడం నేను విన్నాను.

ఆ రోజు అల్ రువైస్ దగ్గర, సముద్రం పక్క స్థలంలో ఉన్నాం. నేలంతా ఉప్పుచెమ్మ. ఆ చెమ్మలో రాడార్ జానెడు లోతుకు కూడా చూడలేదు. తెర బూడిదరంగుకు తిరిగింది. నేను తలెత్తకుండానే అన్నాను.

“ఏమీ కనిపించటం లేదన్నా.”

రాడార్ ఇక్కడ పనిచెయ్యదని, డ్రిల్లింగ్ చేసి చూడాలని నా ఉద్దేశం. అదే రాసుకుంటున్నాను. ఆయన మాత్రం నేల కింద బోలేమీ లేదనుకున్నాడు. గుర్తు మేకు కొట్టడానికి అవతలి మూలకి నడిచాడు. సుత్తి దెబ్బలు రెండు వినిపించాయి. తర్వాత రాళ్లు జారిన చప్పుడు.

పొట్ట మీద పాకుతూ, కుంగిపోయిన నేల అంచు దాకా వెళ్లాను. రెండు నిలువుల లోతులో వెల్లకిలా పడి ఉన్నాడు. పిలిస్తే పలికాడు.

“సారూ, కాళ్లు తెలుస్తలేవు.”

పైకి తియ్యడానికి గంటకు పైగా పట్టింది. వెన్నెముక విరిగిందని, ఇక నడవలేడని డాక్టర్లు చెప్పారు. విచారణలో ఉన్నదున్నట్టు చెప్పాను. మాట అర్థం కావడంలో పొరపాటు అని రాసుకున్నారు. నన్నెవరూ ఏమీ అనలేదు.

ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చుని, ఇంకో రెండు ముక్కలు చెప్పి ఉండాల్సిందన్నాను.

“నువ్వు కనవడ్తలేదన్నవ్. లేదనలే. నేనే గట్ల అనుకున్న,” అన్నాడు.

ఆయన నా తప్పేం లేదన్నట్టే చెప్పాడు. నాకు మాత్రం తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఊరికి పంపించాక ప్రతి శుక్రవారం ఫోన్ చేసేవాణ్ణి. మొదట్లో బాగానే మాట్లాడేవాడు. పోనుపోను మాటలు తగ్గిపోయాయి. ఒక శుక్రవారం, నేను పలకరించగానే, మెల్లగా చెప్పాడు.

“ఫోన్ జెయ్యకు సారూ. నీ మీద కోపం గాదు. నీ గొంతు ఇంటే ఆ గుంతల పడ్డట్టే అయితది.”

సరేనన్నాను. మళ్లీ చెయ్యలేదు.