అత్త తేరుకున్న వారం

మా మేనత్త పోయిన నెల ఆసుపత్రిలో కన్నుమూసింది. పలకరించడానికి ఫోన్ చేసిన వాళ్ళందరూ ముందుగా "ఎంత వయసు?" అనే అడిగారు. చెప్పగానే, అయితే సరేలే అన్నట్టు ఊరుకునేవారు. ఆ మాటే ఆమెను సగం చంపిందని ఎవరికని చెప్పను?

మేనత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. అశోక్‌నగర్‌లో మా ఇంటి పై వాటాలో ఉండేది. ఫోనెత్తితే హలో అనేది కాదు, "చెప్పుండ్రి" అనేది. సాయంత్రాలు చిక్కడపల్లి దాకా నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చేది; తోటకూర కట్ట విప్పి చూడందే కొనేది కాదు. చిన్నప్పుడు నాకు లెక్కలు రాకపోతే తిట్టేది కాదు. "తెల్వకుంటే తెల్వదని చెప్పు. తెలిసినట్టు చెయ్యకు" అనేది.

పోయిన ఏడాది లేచి నిలబడితే తల తిరగడం మొదలైంది. మా వీధి చివరి క్లినిక్‌లో డాక్టరు చిన్నవాడు, మంచివాడు. కుర్చీలో కూర్చోబెట్టి బీపీ చూసి మాత్ర పెంచాడు.

"ఈ వయసుల కొంచెం ఇట్లనే ఉంటదమ్మా."

"వయసైందని నాకెర్కనే బిడ్డా. తల ఎందుకు తిరుగుతున్నదో చెప్పు," అంది మేనత్త.

ఆయన నవ్వి, తల తిరగకుండా ఇంకో మాత్ర రాశాడు. నిద్ర పట్టడం లేదంటే దానికొకటి. తగ్గలేదని నారాయణగూడలో మరో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన పాత మందులేమిటని అడక్కుండానే తనవి రాశాడు.

వానాకాలం వచ్చేసరికి మేనత్త మాట తడబడింది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయేది. నన్ను మా అమ్మ పేరుతో పిలిచేది. పట్టపగలు కూర్చున్నచోటే తూలేది. మతిమరుపు జబ్బని మేమనుకున్నాం, డాక్టర్లూ అదే అన్నారు. ఒక ఉదయం బాత్రూమ్‌లో పడి తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరమ్మ మాత్రలన్నీ మంచం మీద కుమ్మరించి చూసింది. "ఇవన్నీ కలిపి వేస్తున్నారా? వేసుకుంటే నేనైనా పడిపోతాను" అని చాలావరకు ఆపేసింది. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకు మేనత్త తేరుకుంది. మాట తేటగా వచ్చింది, నన్ను నా పేరుతో పిలిచింది. సంతోషించాల్సిన మేము ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. అన్ని నెలలూ ఆమెను పట్టింది ముసలితనం కాదు. వారం గడిచేసరికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆమె ఇక ఆ మంచం దిగలేదు.

దినాలకు వీధి డాక్టరు ఇంటికొచ్చాడు. తల వంచుకునే మాట్లాడాడు.

"అక్కా, చదువుకునేటప్పుడు మాకు పిల్లల వార్డుల డ్యూటీలు ఏసిండ్రు, కాన్పుల వార్డుల ఏసిండ్రు. ముసలోళ్ళను ఎట్ల చూడాల్నో ఎవ్వరు విడిగ చెప్పలే. నా దగ్గరికొచ్చేటోళ్ళు ఎక్కువ వాళ్ళే."

"మరి ఇప్పుడన్న నేర్చుకో డాక్టర్," అన్నాను. ఆయన చాయ్ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం ఆమె తేరుకున్న ఆ వారంలోని ఒక మధ్యాహ్నమే గుర్తొస్తోంది. మేనత్త అద్దం, దువ్వెన అడిగింది. తనే పాపిడి తీసుకుంది. అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"ఇన్ని దినాలు యాడికి పోయిన్నే నేను?" అంది.

దువ్వెనలో చిక్కుకున్న తెల్లవెంట్రుకను మెల్లగా లాగి, వేలికి చుట్టుకుంటూ, కిటికీలోంచి పడుతున్న ఎండకేసి చూస్తూ ఉండిపోయింది.