ఇప్పపువ్వు అంటిన వేలు

మా అత్తమ్మ పోయి పన్నెండు రోజులైంది. భోపాల్‌పట్నంలో మా ఇంటికి వచ్చినవాళ్లందరికీ "షుగర్ పడిపోయింది, పోయింది" అని చెప్పాను. అది నిజమే, కానీ సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో వేలు పొడిచి షుగర్ చూసేవాళ్లుంటే చదవండి.

రెండేళ్ల కింద అత్తమ్మకు పేగు కుళ్లిపోతే వరంగల్‌లో ఆపరేషన్ చేసి చాలావరకు తీసేశారు. ఆ తర్వాత తిన్నది ఆమె ఒంటికి పట్టలేదు. ఛాతీలో పెట్టిన సన్నని గొట్టం గుండా రోజూ రాత్రంతా ఒక సంచి ఎక్కించేదాన్ని. తెల్లగా పాలలా ఉండే దాన్ని మేం అన్నం సంచి అనేవాళ్లం. అందులోని చక్కెర నేరుగా నెత్తురులో కలుస్తుంది కాబట్టి షుగర్ చూసి, ఎక్కువుంటే ఇన్సులిన్ ఇవ్వాలి. "ముందు సబ్బుతో చేతులు కడిగించు. వేలికి తీపి అంటితే మిషన్ తప్పు చూపిస్తది" అని నర్సు మరీ మరీ చెప్పింది.

"తీపంటేనే గిట్టనిదాన్ని, నాకు చక్కెర రోగమేందే?" అని అత్తమ్మ విసుక్కునేది.

తినలేని ఆ మనిషి, గడప తొక్కినవాళ్లెవరినీ అంబలి పోయకుండా పంపేది కాదు. నేను కోప్పడితే "పేగు లేకుంటే ఏమాయె, చేతులున్నయి కద బిడ్డా" అనేది. కొత్త కోడలిగా వచ్చిన నన్ను బజారుకు తీసుకెళ్లి, ఒక్కో సరుకు పేరూ గోండీలో నేర్పింది ఆమే. అమ్మ కూడా నాతో అంత ఓపిక పట్టలేదు.

కొన్ని నెలలకు నేను చేతులు కడిగించడం మానేశాను. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలనుకున్నాను. ఏమీ కాలేదు, నాకు ధీమా వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే సంచి అయిపోయాక గొట్టం మూసి, చెలక గట్టున రాలిన ఇప్పపువ్వు ఏరుకొచ్చి వాకిట్లో పోశాను. అత్తమ్మ కూర్చుని అందులోని పుల్లలూ ఆకులూ తీసేసింది. తర్వాత నేను దూదితో ఆమె వేలు తుడిచి పొడిచాను. మిషన్ నాలుగు వందల పైన చూపించింది.

"నేను మంచిగనే ఉన్న. ఇంకోపాలి చూడు," అంది.

"మిషన్ కంటే నీకెక్కువ తెలుసా అత్తమ్మా?"

"సరే బిడ్డా, నువ్వే డాక్టర్‌వు." నవ్వి, జబ్బ చూపించింది. గోడకు అంటించిన డాక్టర్ కాగితంలో ఆ అంకెకు ఎంతుందో అంత ఇన్సులిన్ ఇచ్చాను.

బట్టలుతికి వచ్చేసరికి ఒళ్లంతా చెమటతో పూల పక్కన ఒరిగిపోయి ఉంది. పిలిస్తే పలకలేదు. జీపు ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. షుగర్ బాగా పడిపోయిందని అక్కడ చెప్పారు. నాలుగు వందల పైనున్నది అంతలా ఎలా పడిపోయిందో నాకు అర్థం కాలేదు.

ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాక అర్థమైంది. ఆమె కుడిచేతికి చీమలు పట్టాయి. ఒంటి మీద ఇంకెక్కడా లేవు, ఇప్పపువ్వు తీపి బంక అంటిన ఆ వేళ్లకే. నేను పొడిచిన వేలి మీద ఇంకా ఎక్కువున్నాయి.

చెంబుతో నీళ్లు తెచ్చి, సబ్బు పెట్టి ఒక్కొక్క వేలూ కడిగాను. స్నానం చేయించేటప్పుడు ఎలాగూ కడుగుతాం కదా అని పక్కింటావిడ అంది. నేను కడుగుతూనే ఉన్నాను. నేల మీద పారిన ఆ నీళ్ల అంచున చీమలు మళ్లీ చేరాయి.