మామ సాగగొట్టిన బంగారు బిళ్ల

మా పాప గుండెలో, పై గదుల మధ్య గోడకు చిల్లు ఉందని తెలిసేనాటికి దానికి నాలుగేళ్లు. బెంగుళూరు డాక్టరు కాగితం మీద బొమ్మ వేసి చూపిస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. ప్రొద్దుటూరులో నగలు చేసే మా మామ మాత్రం బొమ్మలోని ఆ చిల్లునే చూస్తూ "ఎంతుంటాది సారూ?" అని కొలత అడిగాడు.

రెండోసారి వెళ్లేటప్పుడు, బస్సు పులివెందుల దాటి చీనీ తోటల మధ్య పోతుండగా మామ జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. పాప నా ఒళ్లో నిద్రపోతోంది, నేనూ సగం నిద్రలో ఉన్నాను. పొట్లంలో పలచగా సాగగొట్టిన బంగారు బిళ్ల, అంచులు నున్నగా, పొద్దుటెండలో మెరుస్తోంది.

"మేలిమి బంగారమమ్మా. తుప్పు పట్టదు, నల్లబడదు. దీన్నే పెట్టమందాం" అన్నాడు.

ఆ మగత నిద్రలో నాకది సబబుగానే తోచింది. ఏ కష్టమొచ్చినా బంగారం వైపే చూసే ఇంట్లో పుట్టిన మనిషిని మరి.

డాక్టరు నవ్వలేదు. అందుకు ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను. బిళ్లను అరచేతిలో తిప్పి చూసి, జాగ్రత్తగా తిరిగిచ్చాడు. తాము పెట్టేది ఒంట్లోనే కరిగిపోయేదని చెప్పాడు. కాలి నరం గుండా పంపి చిల్లుకు అడ్డం పెడతారట. దాని ఆసరాతో పాప సొంత కండే అల్లుకుంటుందట, ఆ తర్వాత అది మెల్లగా కరిగిపోతుందట.

మామకు ఒళ్లు మండింది. "కరిగిపోయేదాన్ని నమ్ముకోని బిడ్డను పంపియ్యాల్నా? బంగారం కరిగిస్తే తరుగు పోతాది సారూ. ఈ తరుగు యాడికి పోతాది?"

"కొంత ఒంటి నీళ్లలో కలిసి, కొంత ఊపిరిలో" అన్నాడు డాక్టరు.

పెట్టారు. పాప ఇంటికొచ్చి మళ్లీ ఆటల్లో పడింది. నేను పాఠాలు చెప్పే జమ్మలమడుగు బడికి మళ్లీ బస్సెక్కాను. పెన్న ఇసుక మీద ఎండ తేలుతుంటే కిటికీకి తల ఆనించి, పాప లోపల కొద్దికొద్దిగా కరుగుతున్నదాన్ని ఊహించుకునేదాన్ని. ఆదివారం మధ్యాహ్నాలు పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. ఆ వెచ్చటి గాలిలో ఇవాళ ఎంత పోయిందో అనుకునేదాన్ని. కండ అల్లుకోకముందే అంతా పోతే? ఆ భయం పైకి అనలేదు. మామ ప్రతి పరీక్షకూ మాతో వచ్చి తెర వంకే చూస్తూ కూర్చునేవాడు.

చివరి పరీక్షలో, తెర మీద మునుపు తెల్లగా మెరిసే ఆ అడ్డు గీత లేదు. నెత్తురు పారకాన్ని చూపే ఎరుపూ నీలమూ గుండె గోడకు అటూ ఇటూ తమపాటికి తాము కదులుతున్నాయి, ఒకదాన్లోకి ఒకటి రావడం లేదు. చిల్లు పూర్తిగా మూసుకుందని డాక్టరు చెప్పగానే మామ చెయ్యి జేబు మీదికి పోయింది. అప్పుడు అర్థమైంది నాకు. ప్రతిసారీ ఆ బిళ్లను వెంట తెస్తూనే ఉన్నాడు.

ఇల్లు చేరిన మర్నాడు పొద్దున్నే మామ దాన్ని బంగారం కరిగించే మూసలో వేసి మంట పెట్టాడు.

"ఎందుకు కరిగిస్తాండావు తాతా? శానా బాగుంది గదా!" అంది పాప.

"ఇంగ దీంతో పనిలేదమ్మా."

బిళ్ల వణికి, గుండ్రంగా బొట్టయింది. చల్లారాక దాన్ని పాప చేతిలో పెట్టాడు. తరుగు ఎంత పోయిందో ఆరోజు మా మామ తూచలేదు.