సాయిబు గారి రేడియోలో తుప్పు కడ్డీ

తుప్పు కన్నా ఇనుము మేలని ఎవరైనా అంటారు. ఆ మాట నమ్మి రేడియో విప్పినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. అదీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ.

రాజధాని మా కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడాది సంగతి. దానితోపాటే మా ఇంటి యజమాని సాయిబు గారి తమ్ముడూ గుమాస్తా ఉద్యోగం వెంట వెళ్లిపోయాడు. శుక్రవారం సాయంత్రం హైదరాబాదు రేడియోలో ఆ తమ్ముడు తన గజళ్లు చదవబోతున్నాడని కబురొచ్చింది. అది వినడానికే సాయిబు గారు బ్యాటరీలతో నడిచే రేడియో కొన్నారు. హైదరాబాదు కాస్త సన్నగా వినిపిస్తోందన్నారు. అంతే, నా చదువుకు చేతులొచ్చాయి.

లోపల రాగితీగ చుట్టిన నల్లటి కడ్డీ ఉంది. ఫెరైట్. ఇనుప తుప్పులో మరికొన్ని లోహాల భస్మాలు కలిపి కుండలా కాలుస్తారని చదివాను. సూది తాకిస్తే అంటుకోలేదు. ఇంతోటి తుప్పుకన్నా అసలు ఇనుమే నయం కదా అని దాన్ని లాగేసి, అంతే లావు ఇనుప కడ్డీ దూర్చాను. రేడియో మూగబోయింది. కంగారులో ఫెరైట్ కడ్డీ కడప బండల నేల మీద పడి రెండు ముక్కలైంది.

రేడియో తరంగం తాకితే ఇనుములో కరెంటు సుడులు తిరిగి, వచ్చిన బలాన్నంతా మింగేస్తుందనీ, ఫెరైట్‌లో కరెంటు సులువుగా పారదు గనక తరంగం బతుకుతుందనీ తర్వాత అర్థమైంది. తర్వాతే.

పక్కింటి ధాన్యం వ్యాపారిది పత్తికొండ. "దుడ్లు పోసి కొన్న రేడియోలో ఇనప మొల దిగ్గొట్నావంట గదప్పా, తుప్పయ్యోరూ," అన్నాడు అరుగు మీంచి.

సాయిబు గారు మాత్రం ముక్కలు ఏరి నా చేతికిచ్చారు. "కట్టు కట్టి చూడు అయ్యోరూ. మనిషి కాలిరిగితే కడతాండారు గదా."

ముక్కలు కొసాకొసా ఆనించి, జిగురు పూసి, దారం చుట్టి, ఉన్నచోటే పెట్టాను. శుక్రవారం నాడు ఎవరి చేయీ, ముఖ్యంగా నాది, తగలకుండా రేడియోను గోడ గూట్లో ఉంచాను. విజయవాడ పలికింది. హైదరాబాదు పలకలేదు. వేళ దాటిపోతోంది. సాయిబు గారు లేచి, రేడియోను గూట్లోంచి తీసి, చంకకెత్తుకుని వాకిలి వైపు తిరిగారు. తమ్ముడి గొంతు వచ్చింది. చివరి గజల్ అయ్యేదాకా ఆయన కదల్లేదు. కళ్లు తుడుచుకోవడానికి కూడా చేయి ఖాళీ లేదు.

గూట్లో ఆ కడ్డీ కొస సరిగ్గా ఉత్తరానికి, హైదరాబాదు వైపు తిరిగి ఉండింది. కొస వైపు నుంచి వచ్చేది దానికి వినపడదు. పక్కనుంచి వచ్చేదే వినిపిస్తుంది.

ఆ కట్టు కట్టిన కడ్డీయే నన్ను ఫెరైట్‌ల పరిశోధనలోకి లాగింది. మైక్రోవేవ్ తరంగాల దారిలో ఫెరైట్ ముక్కను అయస్కాంతాల మధ్య సరిగా నిలబెడితే, తరంగం అటు పోతుంది, ఇటు తిరిగి రాదు. అది మొదటిసారి కళ్లారా చూసినప్పుడు సాయిబు గారు గుర్తొచ్చారు. నా తప్పు ఆయన దాకా పోయింది, తిట్టు మాత్రం తిరిగి రాలేదు.

ఆ రోజుల్లో వ్యాపారి నుంచి మాత్రం రోజూ వచ్చేది. హైదరాబాదు పాటలకు మా వాకిట్లోనే కూర్చునేవాడు. ఒక సాయంత్రం "తుప్పయ్యోరూ" అనగానే కడ్డీ కొస ఉత్తరానికి వచ్చేలా రేడియోను మెల్లగా తిప్పాను. పాట ఆగింది.

"ఏమైందప్పా?"

"లోపల ఉండేదీ తుప్పే గదన్నా. మనసుకు తగిలినట్టుండాది."

అతను సాయిబు గారి వైపు చూశాడు. ఆయన గంభీరంగా తలూపారు. వ్యాపారి తువ్వాలు సర్దుకుని, రేడియో ముందు వంగి, "తప్పయింది లేప్పా," అన్నాడు.

చెప్పింది రేడియోకే, నాకు కాదు. అయినా అందులో నా వంతు నేను తీసుకుని, రేడియోను మళ్లీ తిప్పాను.