జీతానికో శాస్త్రం

నాచారంలోని అట్టపెట్టెల కంపెనీలో జీతాలు చూసే పరంధామయ్యగారికి ఒకటే జబ్బు. జీతం గురించి ఏం అడిగినా రెండువేల ఏళ్లు వెనక్కి వెళ్లి మరీ జవాబు తెస్తారు.

ఓవర్‌టైం అడిగితే రాజధర్మం. అడ్వాన్స్ అడిగితే ఋణత్రయం. పీఎఫ్ ఎంత కట్టయిందని అడిగిన ప్యాకింగ్ సూర్యకళ, టీ టైమైపోయినా ఇంకా ఆయన చెప్పే యజ్ఞం దగ్గరే నిలబడి ఉంది. కంప్యూటర్ ముందు కూర్చునే హృషికేశ్ డిగ్రీ మధ్యలో మానేసిందే క్లాసులు భరించలేక. ఇక్కడికొస్తే జీతమిచ్చి మరీ క్లాసు చెబుతున్నారు.

అలాంటివాడు డెంగీ వచ్చి పన్నెండు రోజులు మంచాన పడ్డాడు. జీతం కోస్తే ఉప్పల్‌లో గది అద్దె కట్టలేడు. ఇంటాయన అప్పుడే సామాను సర్దుకోమన్నాడు కూడా.

"సార్, జర జీతం కట్ గాకుండ సూడున్రి. శ్లోకం తర్వాత జెప్పున్రి."

"శ్లోకం లేకుండా జీతం ఎలా వస్తుందిరా?" అంటూ ఆయన కంపెనీ యజమాని దామోదర్ గదిలోకి నడిచారు. వెనకే హృషికేశ్.

సంగతి విన్నా దామోదర్ తలెత్తలేదు. "పని జెయ్యంది పైసలేంది పరంధామయ్యగారు? ఫలం ఆశించొద్దని మీరే అంటరు గద."

"అది పనిచేసేవాడు తనకు తాను చెప్పుకోవాలి. జీతమిచ్చేవాడు చెబితే దొంగతనమంటారు."

ఇద్దరి ఉద్యోగాలూ పోయాయనుకున్నాడు హృషికేశ్. పరంధామయ్య మాత్రం కుర్చీ లాక్కున్నారు. నమ్మకంగా పనిచేసినవాడు జబ్బుపడితే పూర్తి జీతం ఇవ్వాలట, నీతిశాస్త్రం చెప్పిందట. ఇవ్వని రాజులు ఏమయ్యారో ఒక్కొక్కరినే చెప్పుకొచ్చారు. మూడో రాజు దగ్గర దామోదర్ వాచీ చూసుకున్నాడు. ఐదోవాడు రాజ్యం పోగొట్టుకునేసరికి పెన్ను తీశాడు.

"ఆపున్రి సార్! మొత్తం ఇస్త. రూల్ టైప్ జేసి నోటీస్ బోర్డుకు పెట్టున్రి. మళ్ల నాకు జెప్పకున్రి!"

శ్లోకం కూడా వేద్దామని హృషికేశ్ ఫోన్లో వెతికాడు. దొరికింది. తాత్పర్యం చదివి పరంధామయ్య దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, ఇండ్ల ముప్పావు జీతమే అని ఉంది!"

"తెలుసు."

"మరి ఆ అయిదుగురు రాజులు?"

"ఇద్దరున్నారు. ముగ్గురు నీ కోసం పుట్టారు."

పరంధామయ్య తాపీగా కళ్లజోడు తుడుచుకున్నారు. "నేను అడిగితే ఆయన ఇవ్వరురా. పాతవాళ్లు చెప్పారంటే సంతకం పెడతారు. ముప్పావు శాస్త్రం చెప్పింది, ఆ మిగతా పావు నేను కలిపింది. కానివ్వు, టైపు చెయ్యి."

హృషికేశ్ 'పూర్తి జీతం' అని కొట్టాడు. చెయ్యి ఊరుకోక కింద 'మందుల ఖర్చు అదనం' అని కూడా చేర్చాడు.

"ఇది ఏ శాస్త్రంలో ఉందిరా?"

"రేపు పొద్దుగాల బోర్డు మీద ఉంటది సార్."

పరంధామయ్య ప్రింటు తీసిన కాగితం అందుకున్నారు. పెన్ను తీసి 'మందుల ఖర్చు' కొట్టేసి 'ఔషధ వ్యయము' అని రాశారు.

"ఇప్పుడు పాతగా ఉంది," అన్నారు.